నీటి మీది బతుకుకు నోటి సాక్ష్యం

నేల మీద బతికిన మనుషులు ఏదో ఒక ఆనవాలు వదిలిపోతారు. దున్నిన పొలానికి అడంగల్లో పేరు ఉంటుంది, గుడికి రాసిచ్చిన మాన్యానికి శాసనం ఉంటుంది, చేతులు మారిన స్థలానికి దస్తావేజు ఉంటుంది, కూలిపోయిన ఇంటికి సైతం పునాదిరాళ్లు మిగులుతాయి. సముద్రం మీద బతికిన వారి సంగతి వేరు. తెప్ప వెళ్లిన జాడ వెనువెంటనే మూసుకుపోతుంది, వల వేసిన చోటుకు సర్వే నంబరు ఉండదు, పట్టిన చేప ఆ పూటకే అమ్ముడై ఖర్చయిపోతుంది, కొన్ని ఊళ్లలో కాళ్ల కింది నేలను సైతం కెరటాలు కోసుకుపోతాయి. అందువల్ల తీరవాసుల గతాన్ని తెలుసుకోగోరే చరిత్రకారునికి కాగితం మీద దొరికేవి రేవుల సుంకం లెక్కలు, తుఫాను నష్టాల నివేదికలు, చేపల ఎగుమతి పట్టికలు వంటివే తప్ప ఎక్కువ ఉండవు, అవి కూడా చాలావరకు గట్టు మీద నిలబడి చూసినవారు రాసినవి. వేటకు వెళ్లినవారికి, ఒడ్డున ఎదురుచూసినవారికి, గంప నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగినవారికి తెలిసిన చరిత్ర వారి నోటనే ఉంది. ఆ నోటిమాటను శ్రద్ధగా అడిగి, రికార్డు చేసి, రాతలో పెట్టి, భద్రపరిచే పద్ధతికే మౌఖిక చరిత్ర అని పేరు. ప్రపంచంలోని అనేక తీరాలలో ఈ పనిని విశ్వవిద్యాలయాల ఆచార్యులతో పాటు బడిపిల్లలు, ఉపాధ్యాయులు, విశ్రాంత ఉద్యోగులు, చేపలు పట్టి బతికినవారు కూడా జీతం ఆశించకుండా చేస్తూ వచ్చారు.

మౌఖిక చరిత్రను మౌఖిక సంప్రదాయం నుంచి వేరుచేసి చూడాలి. ఒక మనిషి తాను స్వయంగా చూసినదాన్ని, చేసినదాన్ని, అనుభవించినదాన్ని చెబితే అది మౌఖిక చరిత్ర. తన తాతముత్తాతల నుంచి పాటగానో, కథగానో, సామెతగానో తనకు అందినదాన్ని చెబితే అది మౌఖిక సంప్రదాయం. తీర ప్రాంతాల్లో మొదటిది రెండోదిగా ఎలా మారుతుందో, మారితే ఎంత మేలు జరుగుతుందో ఇండోనేషియాలోని సిమెలూ ద్వీపం చూపించింది. 1907లో ఆ ద్వీపాన్ని సునామీ ముంచెత్తినప్పుడు బతికి బయటపడినవారు తమ అనుభవాన్ని పిల్లలకు చెప్పారు, ఆ పిల్లలు తమ పిల్లలకు చెప్పారు, చివరికి భూమి గట్టిగా కంపించి సముద్రం వెనక్కి తగ్గితే కొండెక్కాలన్న హెచ్చరిక ‘స్మోంగ్’ అనే ఒక్క మాటలో ఇమిడిపోయింది. 2004 డిసెంబరు 26న భూకంప కేంద్రానికి అతి చేరువలో ఉన్న ఆ ద్వీపంలో డెబ్బై వేలకు పైగా జనాభా ఉండగా మరణించినవారి సంఖ్య పదికి లోపే ఉండడానికి, తొంభై ఏడేళ్ల పాటు నోటి నుంచి నోటికి నడిచిన ఆ మాటే ప్రధాన కారణమని పరిశోధకులు గుర్తించారు.

విని రాసుకోవడం తెలుగువారికి కొత్త కాదు. కల్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి సహచరులు పందొమ్మిదో శతాబ్దపు తొలి దశకాల్లో ఊరూరా తిరిగి సేకరించిన కైఫియత్తులు నేటికీ గ్రామ చరిత్రలకు ఆధారంగా నిలుస్తున్నాయి. అయితే అవి ఎక్కువగా కరణాల, గ్రామపెద్దల మాటలు కావడం వల్ల వాటిలో దేవాలయాలు, దానాలు, రాజవంశాలు, భూముల హక్కులు కనిపించినంతగా వల పట్టిన చేతులు కనిపించవు. ఆధునిక మౌఖిక చరిత్ర కూడా మొదట ఇదే దారిలో నడిచింది. 1948లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో అలన్ నెవిన్స్ ప్రారంభించిన కార్యక్రమం ప్రధానంగా ప్రజాజీవితంలోని ప్రముఖుల జ్ఞాపకాలను నమోదు చేసింది. మోసుకుపోగల టేపు రికార్డరు సామాన్యులకు అందుబాటులోకి వచ్చాక, చరిత్రను కింది నుంచి చూడాలన్న ఆలోచన బలపడ్డాక, 1960, 70 దశకాల్లో గని కార్మికులు, ఇంటిపని చేసే స్త్రీలు, జాలరులు కూడా సాక్షులయ్యారు.

ఈ మార్పుకు దారి చూపిన వారిలో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ థాంప్సన్ ముఖ్యుడు. ఆయన సహ రచయితలతో కలిసి 1983లో ప్రచురించిన ‘లివింగ్ ది ఫిషింగ్’ బ్రిటన్ తీరాల జాలరి కుటుంబాలతో జరిపిన ముఖాముఖిల ఆధారంగా రూపొందిన గ్రంథం. కంపెనీల సొంతమైన ట్రాలర్ల మీద కూలికి వెళ్లే పట్టణాలు దెబ్బతినగా, కుటుంబాలే పడవలను సొంతం చేసుకున్న కొన్ని చిన్న ఊళ్లు ఎందుకు నిలదొక్కుకున్నాయన్న ప్రశ్నకు ఆర్థిక గణాంకాలలో పూర్తి సమాధానం దొరకలేదు. ఇంట్లో స్త్రీకి ఉన్న మాట చెల్లుబాటు, పిల్లలను పెంచే తీరు, వారిలో కలిగే సొంత నిర్ణయ శక్తి కూడా వృత్తి నిలకడకు కారణాలని ఆ సంభాషణలు తేల్చాయి. చేపల పరిశ్రమ గురించి అడగడానికి వెళ్లినవారు వంటిల్లు, పెళ్లి, చదువు గురించి కూడా వినడం వల్లనే ఈ సంగతి బయటపడింది.

సేకర్తలైన పిల్లలు

స్వచ్ఛంద సేకరణ ఎంత విస్తారంగా సాగగలదో చెప్పడానికి ఐర్లండు ఉదాహరణ సరిపోతుంది. 1935లో ఏర్పడిన ఐరిష్ జానపద విజ్ఞాన సంఘం 1937 నుంచి 1939 వరకు దేశంలోని సుమారు 5,000 ప్రాథమిక పాఠశాలల ద్వారా, తాతలను, అవ్వలను, ఇరుగుపొరుగు ముసలివారిని అడిగి వివరాలు రాసుకురమ్మని పిల్లలను పురమాయించింది. చేతివృత్తులు, వైద్యం, వాతావరణ సూచనలు, కరువు రోజులు, ఓడలు మునిగిన సంఘటనలు వంటి అంశాలపై వారు రాసుకొచ్చినవన్నీ కలిపితే దాదాపు 7,40,000 పుటలయ్యాయి. ఆ రాతప్రతులు ఇప్పుడు డిజిటల్ రూపంలో అందరికీ అందుబాటులో ఉన్నాయి, వాటిని చదివి తిరిగి టైపు చేస్తున్నవారు కూడా స్వచ్ఛంద కార్యకర్తలే.

అదే ఐర్లండులో, నైరుతి కొసన ఉన్న గ్రేట్ బ్లాస్కెట్ దీవి కథ మరింత లోతైనది. నావల మీద ఆధారపడి బతికిన ఆ చిన్న సమాజం యువతరం వలసపోవడంతో క్రమంగా సన్నగిల్లగా, 1953లో ప్రభుత్వం మిగిలిన కొద్దిమందినీ ప్రధాన భూభాగానికి తరలించింది. దీవి ఖాళీ అయినా దాని జీవితం చెదిరిపోకపోవడానికి అంతకుముందే అక్కడికి వెళ్లి విన్నవారు, దీవివాసులను రాయమని ప్రోత్సహించినవారు కారణం. పెగ్ సేయర్స్ అనే దీవి స్త్రీ తన జీవితాన్ని నోటితో చెబుతుంటే కుమారుడు రాసుకోగా 1936లో అది పుస్తకంగా వెలువడింది. జానపద విజ్ఞాన సంఘపు సేకర్త ఆమె చెప్పిన వందలాది కథలను మైనపు గొట్టాలపై ధ్వనిముద్రణ చేశాడు. అయితే ఆ రోజుల్లో మైనపు గొట్టాలు ఖరీదైనవి కావడంతో, మాటలను కాగితం మీదికి ఎక్కించాక గొట్టం పైపొరను చెక్కివేసి మళ్లీ వాడుకునేవారు. ఫలితంగా చాలా కథలు మిగిలాయి, వాటిని చెప్పిన గొంతులు మిగలలేదు. రాతప్రతి ఉంటే చాలు, ధ్వని అక్కరలేదనుకోవడం ఎంత నష్టమో ఈ అనుభవం చూపిస్తుంది.

అమెరికాలో జాతీయ సముద్ర, వాతావరణ సంస్థ నిర్వహించే ‘వాయిసెస్’ అనే మౌఖిక చరిత్రల భాండాగారం మరో పద్ధతికి నమూనా. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో మెయిన్ రాష్ట్రపు తీరంలోని ఉన్నత పాఠశాలల విద్యార్థులు తమ ఊరి జాలరులను ప్రశ్నించిన ప్రయత్నంతో ముడిపడి మొదలైన ఈ కృషి, క్రమంగా దేశంలోని వేర్వేరు సంఘాలు, మ్యూజియాలు, పరిశోధకులు తమ రికార్డింగులను చేర్చే వేదికగా ఎదిగి, రెండు వేలకు పైగా ముఖాముఖిలను ఒకచోట చేర్చింది. ప్రతి ఊరూ సొంత భాండాగారం నిర్మించుకోలేదు గనుక, సేకరణ స్థానికంగా, భద్రత కేంద్రీకృతంగా ఉండే ఈ ఏర్పాటు చిన్న బృందాలకు అనువైనది.

జ్ఞాపకం ఎంతవరకు సాక్ష్యం?

ముసలివారి మాట నమ్మడమెలా అన్న సందేహం సహజమైనదే. పూర్వం చేపలు ఎక్కువగా పడేవన్న మాటను పాతరోజుల మీది మమకారంగా కొట్టిపారేయడం సులభం. కానీ ఆ మాటను క్రమపద్ధతిలో అడిగితే అదే శాస్త్రీయ ఆధారమవుతుంది. 1995లో మత్స్య శాస్త్రవేత్త డేనియల్ పాలీ ఒక విషయాన్ని ఎత్తిచూపాడు: ప్రతి తరం తాను వృత్తిలోకి వచ్చిన నాటి సముద్రాన్నే సహజమైన సముద్రంగా భావిస్తుంది, తగ్గుదలను అక్కడి నుంచే కొలుస్తుంది, దాంతో తరతరానికీ కొలత మొదలయ్యే గీత కిందికి జారిపోతుంది, అసలు నష్టం ఎవరి లెక్కకూ అందదు. మెక్సికోలోని కాలిఫోర్నియా సింధుశాఖలో మూడు తరాలకు చెందిన 108 మంది జాలరులను ప్రశ్నించి 2005లో ప్రచురించిన అధ్యయనం దీన్ని నిరూపించింది. ఒకప్పుడు పుష్కలంగా ఉండి ఇప్పుడు తరిగిపోయిన జాతులను యువకుల కంటే వృద్ధులు ఐదు రెట్లు ఎక్కువగా, తరిగిపోయిన వేటచోట్లను నాలుగు రెట్లు ఎక్కువగా పేర్కొన్నారు. యువకులు అబద్ధం చెప్పలేదు, వారు చూడనిది వారి జ్ఞాపకంలో లేదు, అంతే.

మెయిన్ తీరంలో తానే జాలరి అయిన టెడ్ ఏమ్స్ విశ్రాంత జాలరులను కలిసి, కాడ్ చేపలు గుడ్లు పెట్టడానికి పూర్వం చేరే చోట్లు ఎక్కడెక్కడ ఉండేవో అడిగి పటాలు గీశాడు. అప్పటికే అక్కడ కాడ్ కనుమరుగైంది గనుక ఆ సమాచారం ఏ నౌకా సర్వేలోనూ దొరికేది కాదు. ఒకరు చెప్పిన చోటును మరొకరు వేరుగా చెప్పిన చోటుతో పోల్చి, నీటి లోతులతో, అడుగునేల స్వభావంతో సరిచూసి ఆయన రూపొందించిన ఆ పటాలను శాస్త్రలోకం గుర్తించగా, 2005లో ఆయనకు మెకార్థర్ ఫెలోషిప్ లభించింది. ఇళ్లలోని పాత ఫోటోలు కూడా ఇలాంటి సరిచూపుకు పనికివస్తాయి. ఫ్లోరిడాలోని కీ వెస్ట్‌లో పడవల వద్ద తీయించుకున్న 1956 నుంచి 2007 వరకు గల చిత్రాలను పరిశీలించి, వినోదానికి పట్టిన పెద్ద చేపల సగటు బరువు దాదాపు 20 కిలోల నుంచి 2.3 కిలోలకు పడిపోయిందని ఒక పరిశోధకురాలు 2009లో లెక్కతేల్చింది.

జ్ఞాపకం తప్పినప్పుడు కూడా అది పనికిరానిది కాదని ఇటలీ పండితుడు అలెస్సాండ్రో పోర్టెల్లి చూపించాడు. టెర్ని పట్టణంలో లుయీజి ట్రస్తుల్లి అనే కార్మికుడు 1949లో ఒక నిరసన సందర్భంగా పోలీసుల చేతిలో మరణించగా, చాలామంది కార్మికులు దాన్ని 1953 నాటి మూకుమ్మడి ఉద్యోగ తొలగింపుల సమయానికి జరిపి చెప్పారు. తేదీ తప్పు, కానీ ఆ తప్పు వెనుక తమ పరాజయానికి అర్థం వెతుక్కున్న ఒక సమూహం మనసు ఉంది. అందుచేత మౌఖిక చరిత్రకారుడు ప్రతి మాటకూ రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఇది జరిగిందా, ఇలాగే గుర్తుండడానికి కారణమేమిటి?

తెలుగు తీరంలో వినవలసినవి

దశాబ్దాల పాటు 974 కిలోమీటర్లుగా లెక్కలో ఉన్న ఆంధ్ర తీరం ఇచ్ఛాపురం వైపు నుంచి పులికాట్ సరస్సు దాకా ఒకే రకం బతుకు కాదు. వాడబలిజలు, జాలరులు, పల్లెకారులు, అగ్నికుల క్షత్రియులు, నెల్లూరు వైపు పట్టపువారు ఒక్కొక్కరు ఒక్కొక్క రకం పడవకు, వలకు, ఆచారానికి వారసులు. నూలు, జనపనార వలలు పోయి నైలాను రావడం, తెరచాప, తెడ్డు స్థానంలో ఇంజను రావడం, చెక్క తెప్పల స్థానంలో ఫైబరు పడవలు రావడం, వేసవిలో అరవై ఒక్క రోజుల వేట నిషేధం అమలులోకి రావడం ఇవన్నీ ఇంకా బతికి ఉన్నవారి జీవితకాలంలోనే జరిగాయి. కొండ శిఖరాన్నీ గుడి గోపురాన్నీ, లైట్‌హౌస్‌నూ తాటితోపునూ ఒకే వరసలో చూసి నడిసంద్రంలో వేటచోటును గుర్తుపట్టే నేర్పు జి.పి.ఎస్. వచ్చాక అక్కరలేనిదైంది, అది తెలిసినవారితోనే ముగిసిపోనుంది.

ఈ తీరంలో కాలాన్ని కొలిచేది క్యాలెండరు కంటే ఎక్కువగా ఉప్పెన, అంటే తుఫాను గాలులకు సముద్రం పొంగి నేల మీదికి వచ్చే ముంపు. పుట్టిన సంవత్సరం తెలియని అవ్వ కూడా దివిసీమ ఉప్పెన నాటికి తన పెద్దకొడుకు నడుస్తున్నాడో, చంకలో ఉన్నాడో స్పష్టంగా చెప్పగలదు. 1864లో బందరును ముంచిన ఉప్పెన సుమారు ముప్పై వేల మందిని బలిగొన్నదని రాతల ద్వారానే తెలుస్తుంది. దాన్ని చూసినవారిని అడిగే వీలు ఇప్పుడు లేదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు పదివేల మంది మరణించారు. నాడు ఇరవై ఏళ్లున్నవారు నేడు డెబ్బైకి చేరువయ్యారు. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ విశాఖవాసుల జ్ఞాపకంలో ఇంకా తాజాగానే ఉంది. ఈ మూడు తేదీల మధ్య దూరమే సేకర్తకు ఉన్న వ్యవధిని సూచిస్తుంది.

వలస మరో పెద్ద అధ్యాయం. కోరంగి, కాకినాడ, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి వేలాది తెలుగువారు రంగూనుకు పనులకు వెళ్లగా, అక్కడ వారికి కోరంగివారన్న పేరే స్థిరపడింది. 1942లో జపాను సైన్యం బర్మాను ఆక్రమించినప్పుడు ఎంతోమంది కాలినడకన అడవులు దాటి తిరిగివచ్చారు. ఆ నడక నడిచినవారు దాదాపుగా గతించారు, వారి పిల్లల వద్ద విన్న కథలు మాత్రమే మిగిలాయి, అంటే మౌఖిక చరిత్ర కళ్లముందే మౌఖిక సంప్రదాయంగా మారుతున్నది. ఇప్పటి వలస గుజరాత్‌లోని వేరావల్ వైపు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలరులు ఏటా అక్కడి పడవల మీద పనికి వెళ్తారు, నావ నాయకుడిని అక్కడ ‘తండేల్’ అంటారు. 2018లో పాకిస్తాన్ అధికారులకు పట్టుబడి 2020 జనవరిలో విడుదలైన జాలరుల ఉదంతం సినిమాగా అందరికీ తెలిసింది. ఆ ఏడాదికి పైగా కాలం అప్పులు తీర్చి, పిల్లలను సాకిన భార్యల కథ మరో నమోదుకు తగినది.

స్త్రీల మాట ప్రత్యేకంగా వెతికి వినవలసి ఉంటుంది. చేపను డబ్బుగా మార్చేది వారే. నెత్తళ్లు ఎండబెట్టడం, వేలంపాటలో ధర నిలబెట్టడం, గంపతో నడిచి అమ్మడం, వేట లేని రోజుల్లో అప్పు పుట్టించడం వారి పనులు. మత్స్యకారుడు అన్న మాట వినగానే పడవ మీది మగవాడే కళ్లముందు మెదలడం వల్ల, సేకర్త తెలియకుండానే ఇంట్లో సగం చరిత్రను గుమ్మం బయట వదిలేసే ప్రమాదం ఉంది.

వినడం అనే పని

స్వచ్ఛంద సేకర్తకు కావలసిన పరికరాలు తక్కువ, క్రమశిక్షణ ఎక్కువ. మంచి మైకు జతచేసిన మొబైల్ ఫోను సైతం సరిపోతుంది గాని, ధ్వనిని కుదించకుండా నిలిపే వేవ్ ఫైలుగా భద్రపరచాలి. ఒడ్డున కూర్చొని మాట్లాడితే చూడ్డానికి బాగుంటుంది గాని గాలి, కెరటం కలిసి మాటను మింగేస్తాయి; కాబట్టి ప్రధాన సంభాషణ ఇంట్లో జరిపి, వల అల్లే చోట, పడవ వద్ద రెండోసారి విడిగా రికార్డు చేయడం మేలు. పూర్వం చేపలు బాగా పడేవా అని అడిగితే అవుననే జవాబు వస్తుంది. మొదటిసారి వేటకు వెళ్లిన రోజు ఏమేమి పడ్డాయని అడిగితే చందువలు, వంజరాలు, వల రకం, వాటా పంచిన తీరు, దెబ్బలాట అన్నీ వస్తాయి. జవాబు ముగిసినట్టు అనిపించాక కొంతసేపు మౌనంగా ఉండడం సేకర్త నేర్చుకోవలసిన అతి కష్టమైన విద్య, ఎందుకంటే అసలు మాట తరచుగా ఆ మౌనం తరవాతనే వెలువడుతుంది.

సమ్మతి ఈ పనికి పునాది. రికార్డింగు ఎక్కడ ఉంటుంది, ఎవరు వింటారు, పేరు చెప్పాలా, ఏ భాగాన్ని మూసి ఉంచాలి, ఇష్టం మారితే వెనక్కి తీసుకోవడమెలా అన్న సంగతులు చెప్పేవారికి వారి మాటల్లోనే వివరించి, సంతకం లేదా నోటిమాట ద్వారా అనుమతి తీసుకోవాలి. వేటచోటు అన్నది ఒక కుటుంబపు ఆస్తి వంటిది. దాన్ని ప్రకటిస్తే పెద్ద పడవలు ముందుగా అక్కడికి చేరవచ్చు. రింగు వలల వాడకంపై వచ్చే తగాదాల వంటి వాటి గురించి ఒకరు చెప్పిన మాట ఊళ్ల మధ్య నిప్పు రాజేయవచ్చు. ఉప్పెనలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి చెప్పడం ఆపితే అక్కడ ఆపివేయడమే సేకర్త ధర్మం.

మాటను రాతలో పెట్టడం ఓపిక కోరే పని. ఒక గంట సంభాషణకు ఐదారు గంటలు, యాస కొత్తదైతే అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. ఆ రాతను పత్రికాభాషలోకి సరిదిద్దాలన్న ఉబలాటాన్ని అణచుకోవడం అవసరం. జనం మాట్లాడే భాషే రాయదగిన భాషని జీవితాంతం వాదించి, సవర గిరిజనుల మధ్య తిరిగి వారి భాషను, కథలను నమోదు చేసిన గిడుగు రామమూర్తి ఉత్తరాంధ్రవారే. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం రైతుల నోటి నుంచి వ్యవసాయ పదాలను ఊరూరా సేకరించి, ఒక్క పనిముట్టుకు జిల్లా జిల్లాకూ మారే పేర్లను చూపించింది. కెరటం, నీటిపోటు, గాలి, వలకన్ను, పడవ భాగాలకు తీరవాసులు వాడే మాటలను చెప్పినవి చెప్పినట్టు రాసుకుంటే, చరిత్రతో పాటు భాష కూడా నమోదవుతుంది.

పని అక్కడితో పూర్తి కాదు. రికార్డింగుకు తేదీ, చోటు, అంశాల జాబితా జతచేసి, కనీసం రెండు వేర్వేరు చోట్ల ప్రతులు ఉంచి, ఒక ప్రతిని తప్పనిసరిగా చెప్పినవారి ఇంటికి ఇవ్వాలి. ఇంటికి చేరిన ఆ ప్రతి విన్న మనవడు, తాత చెప్పిన వేటచోటు ఏ కొండకు ఎదురుగా ఉందో సేకర్తకు తోచని ప్రశ్నగా అడుగుతాడు. అప్పటికి తాత ఇంకా ఉంటే, రెండో రికార్డింగు ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.